గోడలు కదిలే ఫ్లాట్లు, ప్రతి 5 ఫ్లోర్లకీ ఒక అరుగు: హైరైజ్ ప్లాన్ ఇలా చేయించుకోండి

హైదరాబాద్‌లో 30, 35 ఏళ్ళ కింద కట్టిన మూడంతస్తుల అపార్ట్‌మెంట్లని ఒక్కొక్కటిగా కూల్చి పైకి కట్టుకుంటున్నారు, కొన్నిచోట్ల పక్కపక్క ప్లాట్లవాళ్ళు నలుగురైదుగురు కలిసి స్థలం ఒకటి చేసి బిల్డర్‌కి డెవలప్‌మెంట్‌కి ఇస్తున్నారు. ఎక్కడైనా జరిగేది ఒకటే, ఎవరికి ఎన్ని ఎస్‌ఎఫ్‌టీ వస్తుంది అనేదానిమీద ఆరునెలలు మీటింగులు నడుస్తాయి, ప్లాన్ మీద మాత్రం ఆఖర్లో ఒక అరగంట కూర్చుంటారు. ఆ అరగంటలో కూడా అడిగేది ఈస్ట్ ఫేసింగా కాదా, పార్కింగ్ ఒకటా రెండా, అంతే. నేను ఆర్కిటెక్ట్‌ని, 17 ఏళ్ళ నుంచి ఇదే పని, అలాంటి మీటింగులు చాలా చూశాను, అందుకే మీరు బిల్డర్‌తో సంతకం పెట్టేముందే తెలుసుకోవాల్సినవి ఇక్కడ వరసగా రాస్తున్నా.

నా లెక్క ఏంటంటే, సరిగ్గా కడితే బిల్డింగ్ 60 ఏళ్ళు నిలబడుతుంది, కానీ అందులో ఉండే కుటుంబం ఏడెనిమిదేళ్ళకోసారి మారిపోతుంది. పిల్లలు పుడతారు, పెద్దాళ్ళు ఊర్నుంచి వచ్చి ఉంటారు, పిల్లలు డల్లాస్‌కో మెల్‌బోర్న్‌కో వెళ్ళిపోతారు, ఇద్దరే మిగులుతారు, తర్వాత ఒక్కరే. బిల్డింగ్ మాత్రం మొదటి రోజు కాంక్రీట్ పోసినట్టే ఉండిపోతుంది. కాబట్టి ఇంటి లోపల గోడలు మార్చుకునే వీలుండాలి, ఇంటి బయట మనుషులు ఎదురుపడే చోటు ఉండాలి. ఈ రెండూ డ్రాయింగ్ దశలో పెడితే పెద్ద ఖర్చు కాదు, కట్టాక పెట్టాలంటే అసలు కుదరదు.

లెక్కలు అర్థం కావడానికి ఒక ఉదాహరణ అనుకుందాం. ఎకరం స్థలం, అంటే 4840 గజాలు. స్టిల్ట్ (కింద గోడల్లేకుండా పిల్లర్ల మీద వదిలే ఫ్లోర్) మీద 15 ఫ్లోర్లు, ఫ్లోర్‌కి 6 ఫ్లాట్లు, ఒక్కోటి దాదాపు 1400 ఎస్‌ఎఫ్‌టీ, మొత్తం 90. ఎత్తు పెరిగేకొద్దీ ముందున్న రోడ్డు వెడల్పు ఎక్కువ ఉండాలి, చుట్టూ వదలాల్సిన సెట్‌బ్యాక్ కూడా పెరుగుతుంది, ఆ టేబుల్ మీ ఆర్కిటెక్ట్ దగ్గర ఉంటుంది, ముందు దాన్ని చూసుకోండి, లేకపోతే 20 ఫ్లోర్లు అని ఊహించుకుని రోడ్డు చాలక 10 దగ్గర ఆగిపోయినవాళ్ళు ఉన్నారు.

స్టెప్ 1: ప్లాన్ గీయకముందు ఇంటింటి కథ రాయండి

అసోసియేషన్‌లో ఇద్దరు కూర్చుని ప్రతి ఇంటికీ వెళ్ళి నాలుగు ప్రశ్నలు అడగండి. ఇప్పుడు ఇంట్లో ఎవరెవరు ఉన్నారు, వాళ్ళ వయసెంత. పదేళ్ళ కింద ఎవరున్నారు. పదేళ్ళ తర్వాత ఎవరుంటారనుకుంటున్నారు. పోయిన ఏడాదిలో మీ ఇంట్లో జరిగిన శుభకార్యాలు, అశుభకార్యాలు ఎక్కడ చేశారు, ఏం ఇబ్బంది అయ్యింది. ఆఖరి ప్రశ్న అడిగితే చాలు, పావుగంట ఆపకుండా చెప్తారు. సత్యనారాయణ వ్రతానికి వచ్చినవాళ్ళు మెట్లమీద కూర్చుని తిన్నారని, బతుకమ్మ ఆడటానికి చోటు లేక గేటు బయట రోడ్డుమీద ఆడారని, వడియాలు పెట్టుకుందామంటే టెర్రస్‌కి తాళం, తాళంచెవి ఎవరి దగ్గరుందో తెలీదని. ఈ కాగితాలే మీ డిజైన్ బ్రీఫ్, అంటే ఆర్కిటెక్ట్‌కి మాకేం కావాలో చెప్పే కాగితం. బిల్డర్ తెచ్చే అమెనిటీస్ లిస్టు పక్కన ఇది పెట్టి చూడండి, లిస్టులో స్క్వాష్ కోర్ట్ ఉంటుంది, మీ కాగితాల్లో ఒక్కళ్ళు కూడా స్క్వాష్ అడిగి ఉండరు.

స్టెప్ 2: కదలనివి ఏవి, కదిలేవి ఏవి అనేది స్ట్రక్చర్ దశలోనే తేల్చుకోండి

ఇదే అన్నిటికన్నా ముఖ్యం, కాస్త ఓపిగ్గా చదవండి.

ఇప్పుడు మన దగ్గర పెద్ద టవర్లు చాలావరకు అల్యూమినియం ఫార్మ్‌వర్క్‌తో, అంటే కాంక్రీట్ పోసే అచ్చులతో కడుతున్నారు, అందరూ మైవాన్ అంటారు. స్లాబు, గోడలు అన్నీ ఒకేసారి కాంక్రీట్‌తో పోసేస్తారు. పని ఫాస్ట్‌గా అవుతుంది, ప్లాస్టరింగ్ దాదాపు అక్కర్లేదు, ఫినిషింగ్ నీట్‌గా ఉంటుంది, ఇవన్నీ నిజమే. కానీ ఆ పద్ధతిలో మీ బెడ్‌రూమ్‌కీ హాల్‌కీ మధ్య గోడ కూడా బిల్డింగ్ బరువు మోసే గోడే అయి ఉండొచ్చు. దాన్ని ఎప్పటికీ కొట్టకూడదు, ఒక తలుపు కూడా కొత్తగా పెట్టుకోకూడదు. 2024లో గీసిన 3 బీహెచ్‌కే 2084లో కూడా అదే 3 బీహెచ్‌కే. పైగా ఎండకి కాంక్రీట్ గోడ వేడెక్కినంతగా ఏఏసీ బ్లాక్ (లోపల గాలి బుడగలుండే తేలిక సిమెంట్ ఇటుక) గోడ వేడెక్కదు, ఏఏసీ వేడిని లోపలికి పంపేది కాంక్రీట్‌తో పోలిస్తే సుమారు పదోవంతే.

దీనికి బదులు మీరు అడగాల్సింది ఇది. బిల్డింగ్ బరువు, గాలి, భూకంపం, ఇవన్నీ మోసేది మూడిటికే అప్పజెప్పండి: లిఫ్టులు మెట్లు ఉండే కోర్ గోడలు, ఫ్లాట్‌కీ ఫ్లాట్‌కీ మధ్య గోడల్లో కొన్ని, బయటి అంచున పిల్లర్లు. ఫ్లాట్ లోపల మాత్రం ఒక్క పిల్లర్, ఒక్క కాంక్రీట్ గోడ ఉండకూడదు. పిల్లర్‌కీ పిల్లర్‌కీ దాదాపు 8 మీటర్లు పెట్టుకుంటే కింద సెల్లార్‌లో మధ్యన మూడు కార్లు హాయిగా పడతాయి, పైన రెండు గదులు పడతాయి, ఒకే గ్రిడ్ రెండిటికీ సరిపోతుంది. అంత స్పాన్‌కి స్లాబు కొంచెం మందం అవుతుంది, లేదా పోస్ట్ టెన్షన్ (పీటీ) స్లాబు, అంటే లోపల స్టీలు కేబుల్స్ లాగి బిగించేది, వేస్తారు. పీటీ స్లాబు అయితే ఒక జాగ్రత్త, లోపల బిగించిన కేబుల్స్ ఎక్కడెక్కడ పోతున్నాయో స్లాబు అడుగున పెయింట్‌తో గీయించి, ఆ డ్రాయింగ్ ప్రతి ఫ్లాట్ ఓనర్‌కీ ఇవ్వండి. ఎప్పుడో పదేళ్ళకి ఎవరో ఫాల్స్ సీలింగ్ కోసం డ్రిల్లు పెట్టి కేబుల్ తెగ్గొడితే చాలా ప్రమాదం.

స్ట్రక్చరల్ ఇంజనీర్‌కి ఒక్క మాట ముందే చెప్పాలి, లోపలి పార్టిషన్లు ఎక్కడైనా రావచ్చు, ఆ బరువు స్లాబు మొత్తం మీద పరిచినట్టు తీసుకో అని. దానికి ఐఎస్ 875లో, అంటే బిల్డింగ్ మీద పడే బరువుల లెక్కకి మన దేశంలో ఉన్న ప్రమాణంలో, పద్ధతి ఉంది, చదరపు మీటర్‌కి కనీసం 1 కిలోన్యూటన్ (దాదాపు వంద కిలోల బరువు) తీసుకోమంటుంది. ఇది చెప్పకపోతే అతను ప్లాన్‌లో గీసిన గోడ కిందే లెక్క కడతాడు, అప్పుడు గోడ జరపడం కుదరదు.

కదలనివి ఇంకో రెండున్నాయి, నీళ్ళ పైపులు పోయే షాఫ్టులు, వంటిల్లు. బాత్రూమ్‌లన్నీ షాఫ్ట్ చుట్టూ ఒకచోటికి తెచ్చేయండి. కిచెన్ ఆగ్నేయంలో, పూజ ఈశాన్యంలో, మాస్టర్ బెడ్‌రూమ్ నైరుతిలో, మనవాళ్ళలో నూటికి తొంభైమంది ఇది వదులుకోరు, వదులుకోమని నేను ఎవర్నీ అడగను కూడా. దాన్నే మనకి అనుకూలంగా వాడుకోవచ్చు, ఆ మూడూ ఎలాగూ కదలవు కాబట్టి వాటిని స్థిరంగా పెట్టేసి మిగతా జాగా అంతా ఖాళీ హాలులా వదిలేయండి, అందులో గోడలు ఎక్కడ కావాలంటే అక్కడ లేపుకోవచ్చు.

ఇలా స్థిరమైన భాగాన్నీ మారే భాగాన్నీ విడదీయాలని నెదర్లాండ్స్ ఆర్కిటెక్ట్ జాన్ హబ్రాకెన్ 1960ల మొదట్లోనే చెప్పారు. జపాన్‌లోని ఒసాకాలో 1993లో నెక్స్ట్21 అని 18 ఇళ్ళ బిల్డింగ్ ఈ పద్ధతిలో కట్టి, తర్వాత కొన్ని ఇళ్ళని నిజంగానే విప్పి మళ్ళీ వేరేలా కట్టి చూశారు. మన మండువా లోగిలి కూడా దీనికి దగ్గరదే కదా, అన్నదమ్ములు వేరుపడితే మధ్యలో ఒక తడక కట్టి, ఇంకో పొయ్యి పెట్టి అదే ఇంట్లో రెండు సంసారాలు నడిపేవాళ్ళు.

స్టెప్ 3: గోడ తీస్తే మచ్చ మిగలకూడదు

స్ట్రక్చర్ ఒప్పుకున్నా చిన్న విషయాల్లో దెబ్బతింటారు. సైట్‌లో నేను ప్రతిసారీ చూసుకునేవి కొన్ని చెప్తా.

ఫ్లోరింగ్ ముందు వేయించండి, పార్టిషన్ తర్వాత లేపండి. మేస్త్రీ ఉల్టా చేస్తానంటాడు, టైల్స్ మిగులుతాయని, ఒప్పుకోకండి. టైల్స్ గోడ నుంచి గోడ దాకా ఏకంగా ఉంటే రేపు పార్టిషన్ తీసినా కింద నాలుగంగుళాల సిమెంట్ చార కనబడదు.

ఫ్యాన్ బాక్సులు. స్లాబు పోసేముందే ఫ్యాన్ హుక్కు డబ్బాలు సెంట్రింగ్ మీద బిగిస్తారు కదా, ఇప్పుడు గీసిన గదులకి మధ్యలో మాత్రమే పెడతారు. గోడ జరిపితే ఫ్యాన్ గది మూలకి పోతుంది. రెండు రకాల గదుల అమరిక గీయించి, రెండిట్లోనూ పనికొచ్చేలా ఎక్స్‌ట్రా డబ్బాలు, వాటికి పైపులు స్లాబులోనే పెట్టించేయండి. ఒక్కో డబ్బాకి అయ్యే ఖర్చు వందల్లోనే, కానీ స్లాబు పోశాక అదే పని చేయించాలంటే సీలింగ్ చీల్చాలి.

కిటికీ ప్రతి 3 మీటర్లకీ ఒకటి ఉండాలి, రెండు కిటికీల మధ్య గోడ వచ్చి తగలడానికి ఒక అడుగు నిండు గోడ ఉండాలి. హాల్‌ని రెండు చేసినప్పుడు రెండో ముక్కకి కిటికీ లేకపోతే అది గది కాదు, స్టోర్ రూమ్. ఏసీ పైపు రంధ్రం, అవుట్‌డోర్ యూనిట్ పెట్టే చోటు కూడా ప్రతి కిటికీ దగ్గరా ఉంచండి. కరెంటు మెయిన్ లైన్లు బయటి గోడల్లో, ఫ్లాట్లకి మధ్య గోడల్లో పోనివ్వండి, పార్టిషన్‌లో స్విచ్‌లు వీలైనంత తక్కువ.

రెండో తలుపు. నన్నడిగితే అన్నిటికన్నా పనికొచ్చేది ఇదే. 3 బీహెచ్‌కేలో ఒక బెడ్‌రూమ్‌ని, దాని బాత్రూమ్‌తో సహా, కారిడార్ పక్కన పెట్టి, దానికి బయటికి కూడా ఒక తలుపు పెట్టేలా చోటు వదలండి. ఇప్పుడు అవసరం లేకపోతే అక్కడ పల్చటి ఇటుక గోడ, పైన లింటెల్ మాత్రం వేసి ఉంచండి. నాన్నగారు అమ్మ వచ్చి ఉంటే వాళ్ళకి వేరే దారి ఉంటుంది, వాళ్ళ స్నేహితులు మీ హాల్లోంచి రానవసరంలేదు. పిల్లలు ఫారిన్ వెళ్ళిపోయి మీ ఇద్దరే మిగిలితే ఆ గది చదువుకునే అమ్మాయికి అద్దెకి ఇవ్వచ్చు, ఇంట్లో ఒక మనిషి అలికిడి ఉంటుంది. వయసు మీదపడితే అదే గదిలో అటెండెంట్ ఉంటారు. సింగపూర్‌లో డాసన్ ఎస్టేట్‌లో స్కైటెరేస్ అని ప్రభుత్వమే కట్టిన టవర్లలో అమ్మానాన్నలూ పెళ్ళయిన పిల్లలూ పక్కపక్కనే వేర్వేరు తలుపులతో ఉండేలా ఇలాంటివి ఇచ్చారు. ఒక సంగతి మర్చిపోకండి, ఆ గదిలో చిన్న సింక్‌కీ ఇండక్షన్ స్టవ్‌కీ సరిపడా పైపు, పాయింట్ ముందే ఉండాలి.

స్టెప్ 4: ఎండ, గాలి

ఎకో నివాస్ సంహిత అని కేంద్ర ప్రభుత్వ సంస్థ బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ (బీఈఈ) 2018లో ఇళ్ళకోసం ఒక కోడ్ తెచ్చింది. బయటి గోడలు కిటికీల గుండా లోపలికొచ్చే వేడి సగటున చదరపు మీటర్‌కి 15 వాట్లు మించకూడదంటుంది, దాన్ని ఆర్‌ఈటీవీ అంటారు. మీ ఆర్కిటెక్ట్‌ని ఆ నంబర్ ఎంతొచ్చిందో కాగితం మీద రాసిమ్మనండి. అదే కోడ్ ప్రకారం తెరుచుకునే కిటికీల విస్తీర్ణం ఫ్లోర్ ఏరియాలో హైదరాబాద్ లాంటి వాతావరణంలో కనీసం 12.5 శాతం, విజయవాడ, విశాఖ లాంటి ఉక్కపోత ఊళ్ళలో 16.66 శాతం ఉండాలి. తెరుచుకునే అన్న మాట గమనించండి. రెండు అద్దాల స్లైడింగ్ కిటికీ ఎంత పెద్దదైనా సగమే తెరుచుకుంటుంది, మీరు డబ్బులు మొత్తానికి కట్టి గాలి సగానికి తీసుకుంటున్నారన్నమాట. రెక్కల కిటికీ దాదాపు పూర్తిగా తెరుచుకుంటుంది. పై ఫ్లోర్లలో గాలికి కొట్టుకోకుండా గట్టి ఫ్రిక్షన్ స్టేలు (రెక్కని తెరిచినచోటే పట్టి ఉంచే బిగింపులు) వేయించండి, దోమల జాలీ లోపలివైపు.

పడమటి గోడ మన శత్రువు. మధ్యాహ్నం మూడు దాటాక ఎండ ఏటవాలుగా నేరుగా కొడుతుంది, పైన సజ్జ ఎంత పెట్టినా ఆపలేదు. అటువైపు లిఫ్టులు, మెట్లు, బాత్రూమ్‌లు, వాష్ ఏరియా పెట్టి ఇళ్ళని కాపాడుకోవాలి. నైరుతి బెడ్‌రూమ్ తప్పదంటే పడమటి కిటికీ చిన్నది చేసి దానికి నిలువు రెక్కలో బయట జాలీయో పెట్టండి, దక్షిణం వైపు కిటికీ పెద్దది చేసి పైన రెండడుగుల సజ్జ వేయండి, దక్షిణం ఎండని సజ్జ బాగానే ఆపుతుంది. ఆర్కిటెక్ట్ చార్లెస్ కొరియా ముంబైలో 1983లో పూర్తిచేసిన కాంచన్‌జంగా టవర్‌లో, 28 అంతస్తులు, ఇళ్ళ చుట్టూ వరండాలాంటి లోతైన టెర్రస్‌లు పెట్టి ఎండావాన ఇంట్లోకి రాకుండా చేశారు. పాత బంగ్లా వరండానే అది, ఎత్తుకి తీసుకెళ్ళారు.

కారిడార్ రెండు చివర్లూ బయటికి తెరిచి ఉండాలి. పగలు కూడా లైట్ వేసుకోవాల్సిన కారిడార్ ఉన్న ప్లాన్ ఇస్తే అక్కడికక్కడే వెనక్కి పంపేయండి.

స్టెప్ 5: అరుగులు

క్లబ్‌హౌస్ అని స్థలంలో ఒక మూలన విడిగా కట్టేది ఎక్కువరోజులు తాళం వేసే ఉంటుంది. ఎందుకంటే అక్కడికి పనిగట్టుకుని వెళ్ళాలి. ఊళ్ళో అరుగుమీదకి ఎవరూ పనిగట్టుకుని వెళ్ళరు, పాలకి పోతూ, గుడినుంచి వస్తూ కూర్చుంటారు. మనుషులు కలిసే చోటు నడిచే దారిలో ఉండాలి, అంతే కిటుకు.

మన ఉదాహరణలో 15 ఫ్లోర్లని ఐదేసి చొప్పున మూడు వాడలు అనుకోండి, ఒక్కో వాడలో 30 ఇళ్ళు. 3, 8, 13 ఫ్లోర్లలో ఒక్కో అరుగు పెట్టండి, అప్పుడు ఎవరైనా ఎక్కాల్సింది దిగాల్సింది మహా అయితే రెండు ఫ్లోర్లే, లిఫ్ట్ అక్కర్లేదు. సైజు సగం ఫ్లాట్ అంత, 700 ఎస్‌ఎఫ్‌టీ చాలు. మూడూ కలిపి ఒకటిన్నర ఫ్లాట్ జాగా పోతుంది. రెండు ఫ్లోర్ల ఎత్తు పెట్టుకుంటే వెలుతురు ఇంకా బాగుంటుంది గానీ 3 ఫ్లాట్లు పోతాయి. 90లో మూడు. బిల్డర్ ఒప్పుకోడు మొదట్లో, అప్పుడు విడిగా కట్టే క్లబ్‌హౌస్ సైజు తగ్గించమనండి, లెక్క సరిపోతుంది. సింగపూర్‌లోనే స్కైవిల్ అట్ డాసన్ అని వోహా ఆర్కిటెక్ట్స్ చేసిన 960 ఇళ్ళ హౌసింగ్ ఉంది, 2015లో పూర్తయింది, అందులో 80 ఇళ్ళకో స్కై విలేజ్, ప్రతిదానికీ ఉమ్మడి తోట. ఆ ఇళ్ళ లోపల కూడా పిల్లర్లు, దూలాలు అడ్డం లేకుండా వదిలారు. అది ప్రభుత్వ హౌసింగ్, లగ్జరీ కాదు. 80 కంటే 30 ఇంకా మేలు, 30 ఇళ్ళయితే పేర్లు గుర్తుంటాయి.

అరుగు ఎక్కడ పెట్టాలంటే, లిఫ్ట్ తలుపు తెరుచుకోగానే కనబడాలి. ఆఫీసునుంచి వస్తూ అరుగుమీద ఎవరున్నారో కనిపిస్తే రెండు నిమిషాలు ఆగుతాం, మలుపు తిరిగి చూడాలంటే ఆగం. ఎవరి బెడ్‌రూమ్ గోడకీ ఆనుకుని ఉండకూడదు, లేకపోతే మొదటి నెలలోనే గొడవై తాళం పడుతుంది. రెయిలింగ్ 1.2 మీటర్ల ఎత్తు, నిలువు చువ్వలే, అడ్డచువ్వలు పెడితే పిల్లలు నిచ్చెనలా ఎక్కుతారు, సందు నాలుగంగుళాలకి మించకూడదు. గోడవెంబడి ఒకటిన్నర అడుగు ఎత్తున రాతి అరుగు కట్టేయండి, కుర్చీలు అవే పోతాయి, రాయి పోదు. ఒక కుళాయి, నీళ్ళు పోయే తూము, రెండు ప్లగ్ పాయింట్లు. ఒక పక్క ఎండ తగలాలి, వడియాలకీ, మాగాయ ముక్కలు ఎండబెట్టడానికీ. ఫైర్ రెఫ్యూజ్ ఏరియా (మంటలు వస్తే జనం వచ్చి ఆగే చోటు) మాత్రం వేరే, మీ ఎత్తుకి అది ఎక్కడెక్కడ ఉండాలో నేషనల్ బిల్డింగ్ కోడ్ చూసి చెప్పమని ఆర్కిటెక్ట్‌ని అడగండి, దాన్ని ఖాళీగానే ఉంచాలి, అరుగు అక్కడ పెట్టి రెండూ ఒకటే అంటే ఒప్పుకోకండి.

ఇక కింద. ఇక్కడ నా సొంత సంగతి ఒకటి చెప్పాలి. మా నాన్నమ్మ ఒక టవర్‌లో 9వ ఫ్లోర్లో బాబాయి వాళ్ళింట్లో పోయింది. లిఫ్ట్ లోపల లోతు నాలుగున్నర అడుగులు. పడుకోబెట్టి తేవడానికి కుదరలేదు, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, తల పడిపోకుండా బాబాయి రెండు చేతులతో పట్టుకుని తీసుకొచ్చాడు. కింద సెల్లార్‌లో రెండు కార్లు తీయించి మధ్యలో ఫ్రీజర్ బాక్స్ పెట్టాం. స్నానం చేయించడానికి కార్లు కడిగే పైపు. చూడటానికి వచ్చిన పెద్దవాళ్ళు ర్యాంప్ మీద నిలబడ్డారు, కూర్చోవడానికి ఏమీ లేదు. నేను ఆర్కిటెక్ట్ అయ్యుండి కూడా అప్పటిదాకా ఏ డ్రాయింగ్‌లోనూ దీని గురించి ఆలోచించలేదు, ఆరోజు నుంచి ఆలోచించని డ్రాయింగ్ లేదు.

అందుకని ఒక లిఫ్ట్ కచ్చితంగా స్ట్రెచర్ పట్టేది పెట్టించండి, లోపల లోతు కనీసం 2.1 మీటర్లు, అంటే ఏడడుగులు. హాస్పిటల్‌కి తీసుకెళ్ళడానికి కూడా అదే కావాలి. స్టిల్ట్‌లో పావు భాగం కార్లకి ఇవ్వకుండా మనుషులకి వదలండి, కార్లు సెల్లార్‌లోకి పోనీ. సింగపూర్ గవర్నమెంట్ ఫ్లాట్లలో కింద ఫ్లోర్ ఖాళీగా వదులుతారు, వాయిడ్ డెక్ అంటారు, మలయ్‌వాళ్ళ పెళ్ళిళ్ళు, చైనీస్‌వాళ్ళ చావు కార్యక్రమాలు రెండూ అక్కడే జరుగుతాయి. మనకీ అలాంటిదే కావాలి. బతుకమ్మకి మధ్యలో పిల్లర్ లేని 12 మీటర్ల జాగా కావాలి, వినాయకుడి మంటపానికి ఒక మూల, వందమందికి భోజనాలు పెట్టే వీలు. వెనకవైపు, గేటుకి దగ్గరగా, పిల్లల ఆటస్థలంలోంచి కనబడకుండా ఒక చిన్న గచ్చు, కుళాయి, తూము, మూడు వైపులా గోడ, అంబులెన్స్ దగ్గరికి రాగలగాలి. బ్రోచర్‌లో దానికి పేరు పెట్టక్కర్లేదు.

అదే ఫ్లోర్లో ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళకీ డ్రైవర్లకీ బాత్రూమ్, కూర్చుని అన్నం తినే చోటు. తెల్లారి ఆరింటికి వచ్చి నాలుగిళ్ళు చేసే మనిషికి సాయంత్రందాకా బాత్రూమ్ లేని బిల్డింగులు చాలా ఉన్నాయి, మీది అలా ఉండనివ్వకండి.

స్టెప్ 6: నీళ్ళు, కరెంటు

90 ఇళ్ళు, ఇంటికి నలుగురు, మనిషికి 135 లీటర్లు, రోజుకి 48,600 లీటర్లు. ఇప్పుడు వాన లెక్క చూడండి, టెర్రస్ 900 చదరపు మీటర్లు, హైదరాబాద్‌లో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్లు, 80 శాతం పట్టుకున్నా 5,76,000 లీటర్లు. అంటే ఏడాది వాన మీ బిల్డింగ్‌కి 12 రోజులకి సరిపోతుంది, అంతే. టవర్ ఎత్తు పెరిగేకొద్దీ కప్పు చిన్నది, మనుషులు ఎక్కువ. ఇంకుడు గుంతలు తప్పకుండా తవ్వించండి, బోరు నిలబడాలంటే అవి కావాలి, కానీ వాటితో నీళ్ళ సమస్య తీరిపోతుందని ఎవరైనా చెప్తే నమ్మొద్దు.

తీరేది వాడిన నీళ్ళు మళ్ళీ వాడితేనే. 135లో దాదాపు 45 లీటర్లు ఫ్లష్‌కే పోతాయి. ఎస్‌టీపీలో (మురుగునీళ్ళు శుద్ధి చేసే ప్లాంట్‌లో) శుద్ధి చేసిన నీళ్ళు ఫ్లష్‌కి పంపిస్తే రోజుకి 16,000 లీటర్లు మిగులుతాయి, 10 వేల లీటర్ల ట్యాంకర్ ఒకటిన్నర. దానికి టెర్రస్ మీద వేరే ట్యాంకు, షాఫ్ట్‌లో వేరే రంగు పైపు మొదట్లోనే వేయాలి, మంజీరా మంచినీళ్ళ పైపుతో ఎక్కడా కలవకూడదు. ఎస్‌టీపీని సెల్లార్ అట్టడుగున గాలాడని మూలకి నెట్టకండి. లోపలికి దిగి శుభ్రం చేసేవాళ్ళ ప్రాణాలకి ముప్పు, విషవాయువులు పేరుకుంటాయి. ఎవరూ లోపలికి దిగకుండా పైనుంచే మెషిన్‌తో తీసేలా, బయటిగాలి తగిలేలా పెట్టించండి.

సోలార్ కూడా ఇలాగే నిజం చెప్పుకోవాలి. టెర్రస్‌లో ట్యాంకులు, లిఫ్ట్ రూమ్ పోగా సగం మిగిలితే 45 కిలోవాట్లు పడతాయి, రోజుకి సగటున 180 యూనిట్లు. ఇంటికి రెండు యూనిట్లు, ఒకటిన్నర టన్ను ఏసీ గంటన్నర తిరిగితే అయిపోతాయి. అందుకే సోలార్‌ని లిఫ్టులకి, మోటార్లకి, కామన్ లైట్లకి పెట్టి మెయింటెనెన్స్ తగ్గించుకోండి. ఏసీ తక్కువ వాడటమనేది స్టెప్ 4లో గోడలూ కిటికీలతోనే అవుతుంది. కప్పుకి తెల్ల పూత వేయించండి, తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ కూడా తెచ్చింది, అయితే టవర్‌లో దాని లాభం పై ఫ్లోర్ వాళ్ళకే, కింద 14 ఫ్లోర్లకి గోడలే ముఖ్యం.

స్టెప్ 7: కాగితాలు

అరుగులు బ్రోచర్‌లో ఉంటే సరిపోదు, శాంక్షన్ ప్లాన్‌లో కామన్ ఏరియా అని రాసి ఉండాలి, డెవలప్‌మెంట్ అగ్రిమెంట్‌లో ఫ్లోర్ నంబర్‌తో సహా ఉండాలి, రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం) రిజిస్ట్రేషన్‌లో అదే ప్లాన్ పెట్టాలి. లేకపోతే అమ్మకాలు బాగుంటే ఆ మూడు అరుగులకి గోడలు లేచి ఫ్లాట్లయిపోతాయి. రెరా చట్టం 14వ సెక్షన్ ప్రకారం శాంక్షనైన ప్లాన్‌లో కామన్ ఏరియాలు మార్చాలంటే కొన్నవాళ్ళలో మూడింట రెండొంతుల మంది రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. అదే సెక్షన్‌లో స్ట్రక్చర్ లోపాలు 5 ఏళ్ళలోపు బయటపడితే బిల్డర్ తన ఖర్చుతో బాగుచేయాలని ఉంది.

గోడలు జరుపుకోవడానికీ రూల్ రాసుకోండి. ఏ గోడలు తీయొచ్చు, ఏవి తాకకూడదు అని రంగులు వేసిన ఒక డ్రాయింగ్ ప్రతి ఇంటికీ. తీసేముందు అసోసియేషన్‌కి వారం ముందు చెప్పాలి, బాత్రూమ్, కిచెన్ షాఫ్ట్ నుంచి జరపకూడదు, బయటి కిటికీలు మార్చకూడదు. ఇది లేకపోతే ఎవరో ఒకరు ఉత్సాహంలో పిల్లర్ దగ్గర సుత్తి వేస్తారు.

స్టెప్ 8: దిగాక మొదటి ఏడాది

గృహప్రవేశాలు అయ్యాక అరుగులకి సోఫాలు, జిమ్ సామాన్లు, టీవీ ఏవీ వెంటనే కొనకండి. రాతి అరుగు, కుళాయి, ఫ్యాన్లతో ఒక ఏడాది వదిలేసి చూడండి, ఒక్కో వాడ ఒక్కోలా వాడుకుంటుంది. ఒకదాంట్లో సాయంత్రం పిల్లలకి ట్యూషన్ మొదలవుతుంది, ఇంకోదాంట్లో పెద్దవాళ్ళు పేపర్లు చదువుతారు, ఇంకోదాంట్లో కరివేపాకు, తులసి కుండీలు చేరతాయి. ఏడాదయ్యాక ఆ వాడలోని 30 ఇళ్ళవాళ్ళనీ అక్కడే కూర్చోబెట్టి ఏం కావాలో అడిగి అప్పుడు ఖర్చుపెట్టండి, డబ్బులు ఆ వాడ పేరు మీద విడిగా రాసి ఉంచితే వేరే ఫ్లోర్లవాళ్ళతో పేచీ రాదు. ఆ మీటింగ్‌కి ఆర్కిటెక్ట్‌నీ పిలవండి, తప్పకుండా వస్తాం, మేం గీసినచోట ఎవరు కూర్చున్నారో ఎవరు కూర్చోలేదో చూడటం మాకూ అవసరమే.